లేని తీగ

నల్లగొండల మే నెల. బయట నలభై ఐదు.
ఈ ఇనుప పెట్టెల మాత్రం ముప్పై ఏడు,
తగ్గొద్దు, పెరగొద్దు.
లోపల గాజు గిన్నెల్ల
ఎప్పుడో చచ్చిన ఎలుక గడ్డలకెళ్లి తీసిన కణాలు.
ఎలుక పోయింది. గడ్డ ఆగలే.
గుర్రపు సీరం తాగుకుంట
ఒక్క ప్రొటీను చుక్క పడంగనే
తాము నరాలమని నమ్మి కొమ్మలు చాపుతున్నయి.

వాటికి కరెంటు ఇచ్చుడు నా పని.
వెంట్రుకంత ప్లాటినం తీగ, సెకనుకు ఇరవై దెబ్బలు.
ఎంతిస్తే ఎంత డోపమైన్ ఊరుతదో
మిషన్ గీత గీసి చెప్తది.

గిన్నె మూత చేసింది మట్టయ్య మామ.
దేవరకొండ రోడ్డుల మోటార్ల వైండింగు షాపు,
ముప్పై ఏండ్లు రాగి చుట్టిన చెయ్యి.
కాలిన బోరు మోటార్లు వాకిట్ల వరుసగ పంటే
చుట్లు లెక్కపెట్టుకుంటనే తెల్లారేది ఆయనకు.
ఇప్పుడు బొటనవేలు, చూపుడువేలు
ఉత్తగనే లేని తీగను చుడుతయి.
లెక్క లేదు, ఆపుడు లేదు.

"ఎన్ని వోల్టులు?"
చెప్పిన.
"గిది కరెంటా? గిలిగింత!"
నవ్విండు.
మూతకు రెండు బొక్కలు ఎక్కువ పడ్డయి,
డ్రిల్లు జారినకాడ. మైనం పెట్టి మూసిన.

పది నిమిషాలకు గీత లేసింది.
అది దాచుకున్నది కక్కుడే, ఊరుడు కాదు.
మూడోనాడు మెల్లగ, కొత్తది.
ఆశపడి వోల్టు పెంచిన.
పొద్దుగాల చూస్తే కొమ్మలన్నీ ముడుసుకపోయి
ఉడికిన సగ్గుబియ్యం లెక్క తేలుతున్నయి.

ఫోన్ల చెప్తే మామ ఉలకలే.
"బోరుల నీళ్లు ఊరనియ్యాలె, అప్పుడు గుంజాలె.
ఎండిన బోరు నడిపితే ఏమైతది బిడ్డా?
గంట నడిపి గంట ఆపు."

నోట్‌బుక్కుల రాసిన: గంట ఆన్, గంట ఆఫ్.
ఎవరు చెప్పిన్రో రాసే గడి ఆ పేజీల లేదు.

గిన్నెకు, మనిషికి నడుమ
ఎన్ని ఊర్లు దాటాల్నో చెప్పిన ఆయనకు.
నీ దాక వస్తదో రాదో అన్న.
"నీ గిన్నె కతనే చెప్పు," అన్నడు,
"నా చెయ్యి సంగతి నన్ను అడుగు."

ఇయ్యాల గాలిదుమారం. లైన్ పోయింది.
యూపీఎస్ కూత పెడుతుంటే
చీకట్ల పెట్టె మీద చెయ్యేసి నిలబడ్డ.
ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది.
ఫోన్ మోగింది:
"మీ దిక్కు కరెంటున్నదా?"
ఆయన గొంతు వెనక
గ్లాసుల టీ స్పూను, ఆగకుంట, టకటకటక.