తూర్పార

ఈ ఇసుక నాకు కొత్త కాదు తిప్పక్కా.
హగరి ఎండినాక
ఆషాఢ గాలికి లేచి
తుమ్మకంచె దాటి, గడప దాటి
సంగటి ముద్దలో పండ్ల కింద కరకరమనే ఇసుక.
కణేకల్లు పక్క చేనులను
గట్లతో సహా మింగిన ఇసుక.

పదహారేండ్లు దీని దాయాదులతోనే నా కొలువు.
ఎడారిలో, రేకుల షెడ్డులో
యుద్ధబండి కడుపు తెరిచి
టార్చిలైటు పండ్ల మధ్య కరుచుకొని
ఒక్కొక్క రేకు అంచునూ బొటనవేలితో తడిమేవాణ్ణి:
ఇంకా పదునుందా, అరిగిపోయిందా అని.

నీకు డీజిలింజను తెలుసు, బోరు మోటరు తెలుసు.
టర్బైను వేరే జాతి.
అది నూనె కన్నా గాలినే ఎక్కువ తాగుతుంది.
నువ్వు నాలుగు తూర్లు ఊపిరి పీల్చేలోగా
మన కళ్ళం మీది గాలంతా దాని గొంతులో ఉంటుంది.
గాలి వెంట ఇసుక పోయిందా,
ముందు వరస రేకులను ఆకురాయి మాదిరి గీస్తుంది.
పిండి లాంటి సన్నదుమ్ము ఇంకా లోపలికి పోయి
ఆ కొలిమిలో కరిగి
గాజై అతుక్కుంటుంది.
ఏ చేతికీ ఎక్కని గాజు,
పగలగొడితే రేకు కూడా పగిలే గాజు.

గుడ్డ ఫిల్టరు మందంగా కడితే
ఇంజను ఊపిరాడక దగ్గేది.
పల్చగా కడితే ఇసుక తాగేది.
ఇట్లా ఒక ఎండాకాలం పోయింది.

తర్వాత చెక్కపెట్టెల్లో గొట్టాలొచ్చినాయి,
జానెడు పొడుగు, వందల కొద్దీ.
ప్రతి దాంట్లో మెలిక తిరిగిన చిన్న రేకు.
వెంట వచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని
సుబేదారు బిష్ట్ రెండు దినాలు చదివి మడిచి పెట్టినాడు.
నాకు మాత్రం కళ్ళంలో ముక్కాలిపీట ఎక్కి
చేట పైకెత్తి
గాలి కోసం నిలబడిన నువ్వు కనపడినావు.
బరువైంది కాళ్ళ దగ్గర, తేలికైంది దూరంగా.
అదే లెక్క, కాకపోతే తిరగబడింది.
నీకు గింజ కావాల, పొట్టు పోవాల.
మాకు గింజే పోవాల, ఉత్త గాలి మిగలాల.
గొట్టంలో గాలి సుడి తిరిగితే
ఇసుకరేణువు తన బరువుకు తానే గోడకు కొట్టుకొని
పక్కదారిన బయట పడుతుంది.
సాబులకు ఇదంతా నీ పేరుతోనే చెప్పినాను.
నవ్వినారు. నవ్వనీ.

ఇంకొకటి ఉంది, ఎవరికీ చెప్పలేదు.

ఒక తెల్లవారుజామున
గొట్టాల పలకను బిగించింది నేనే.
దాని చుట్టూ రబ్బరు పట్టీ,
ఒక మూల మడత పడింది.
గోరంత సందు.
చలికి వేళ్ళు తిమ్మిరెక్కినాయని
ఆ మూలను తడమలేదు.
బండి దిబ్బలెక్కింది, దిగింది.
నలభై నిమిషాలకు
ఈల లాంటి దాని గొంతు బొంగురుపోయి ఆగింది.
డ్రైవరు గుర్నామ్ దిగి
దాని ఒంటి మీద చెయ్యేసి ఊరకే నిలబడినాడు,
కాలు విరిగిన ఎద్దు దగ్గర నిలబడినట్టు.

రిపోర్టులో కారణం: ఇసుక.
కింద నా సంతకం.
ఇసుకకు నోరుంటే ఏమనేదో.

ఇప్పుడు నీ చేట అటక మీద ఉంది.
బుడ్డలను మిషనే ఆడిస్తుంది, మిషనే తూర్పారపడుతుంది.
దిబ్బ మాత్రం నీ వాకిలికి ఇంకో నాలుగు బారలు జరిగింది.
ఈ పొద్దు పాత సైకిలు ట్యూబు కోసి
నీ తలుపు అడుగున పట్టీ కొడుతున్నాను.
మేకులు నాలుగే, పని గడియ సేపే,
ఇంతసేపు ఏం చేస్తున్నావబ్బీ అని
లోపల్నుంచి రెండు తూర్లు అరిచినావు.

మూల తడుముతున్నానక్కా.
చూసిందే మళ్ళా చూస్తున్నా.