బాబిన్ అయిపోయినప్పుడల్లా

గుణుపురంలో సగం ఊరి నడుములు
నా కొలతల పుస్తకంలో ఉన్నాయి.
ఒడియా పేర్లు, తెలుగు రాత,
పక్కన చిన్న గీత: పొట్ట దగ్గర అంగుళం వదులు.
బ్యాంకు పాణిగ్రాహి బాబు ముప్పై నాలుగు నుంచి నలభైకి
ఎన్ని దసరాల్లో చేరాడో చెప్పగలను.
నా నడుము మాత్రం ఏ పేజీలోనూ లేదు.

ఇరవై రెండేళ్లు
కాళ్లు పెడల్ మీద, కళ్లు సూది మీద.
మోటారు బిగించాక కాళ్లకి ఆ పనీ పోయింది.
పదింటికి బస్టాండు నుంచి బరా, ఘుగుని,
నాలుగింటికి పాకం లాంటి టీ,
రాత్రి పదకొండుకి చల్లారిన అన్నం, కొండంత.
"కూకున్న పనే కదా, అలుపేటి?" అనేవాడు బావ లోకనాథం.
నిజమే,
నా అలుపు కూడా కూర్చోడం నేర్చుకుంది.

ఒకనాడు చెల్లెలు దమయంతి
టేపు లాక్కుని నా చుట్టూ తిప్పింది.
ముప్పై తొమ్మిది.
పర్వాలేదనుకున్నాను.
అది గుడ్డ టేపు. ఏళ్ల తరబడి మెడలో వేలాడి సాగిపోయింది.
కొలిచిందీ కోసిందీ దాంతోనే కాబట్టి
ఎవరి లాగూ బిగుతు కాలేదు, ఎవరికీ తెలియలేదు.
కొత్త టేపు పెడితే నలభై ఒకటిన్నర.

రక్తం తీశారు. చీటీ వచ్చింది.
త్రిపాఠి డాక్టరు చీటీని చూసి, నన్ను చూసి
ఒకే మాట అన్నాడు: "చాలొ."
ఒడియాలో నడువు అని.
నా తెలుగు చెవిలో అది "చాలు" అని పడింది.
ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయాను
ఏది విన్నానో తేల్చుకోలేక.
కాలికి ఒకటి, కంచానికి ఒకటి.
డబ్బులు పుచ్చుకోని మందులు రెండూ.
చేదు మాత్రం తగ్గించలేదు.

మొదటి వారం వంశధార వంతెన దాకా వెళ్లలేదు.
మలుపు దగ్గరే చెప్పు తెగిందని వెనక్కొచ్చాను.
తెగలేదు.
రెండో వారం, తెల్లారగట్ల చీకట్లో
సొంబారి ఎదురైంది,
సవర కొండ దిగి సంతకి, నెత్తిన చోళ్ల మూట.
ఖాళీ చేతుల్తో చక్కర్లు కొట్టే మనిషిని
ఆమె ఎన్నడూ చూసినట్టు లేదు.
"ఏటి పారీసుకున్నావు?" అంది.
"నడుము" అన్నాను.
మూట కుదిపేంత నవ్వు నవ్వింది,
రెండు కుంచాల చోళ్లు అంటగట్టాకే దారి ఇచ్చింది.

ఆ చోళ్లే ఇప్పుడు పొద్దుటి అంబలి.
ఉల్లిపాయ, పచ్చిమిరప, ఇంత మజ్జిగ.
మొదటిరోజు నాలుక అలిగి కూర్చుంది.
దమయంతి బాగుందా అని అడగలేదు,
గ్లాసు మళ్లీ నింపింది.

ఒకటి మాత్రం నా సొంత తెలివి.
ఇదివరకు లేవక్కర్లేకుండా
నిండు బాబిన్లు పది ఒళ్లో పెట్టుకునేవాణ్ణి.
ఇప్పుడు ఆ డబ్బా వీధిగుమ్మం పక్క గూట్లో,
దాని కిందే నీళ్ల కుండ.
దారం అయిపోతుంది, లేస్తాను,
ఏడడుగులు, గ్లాసుడు నీళ్లు,
ఎదురింటి రేకుల పైనుంచి కొండ అంచు.
అంత దూరం చూసి ఎన్నాళ్లయిందో,
కళ్లు దాన్ని మొదట మబ్బనుకున్నాయి.

రథయాత్రనాడు ఓడిపోయాను, దాచను.
ఖాజాలు లెక్కపెట్టలేదు.
మర్నాడు వాన.
ఆ మర్నాడూ వానే అనుకుని ముసుగు తీయలేదు.
ఎండ కాసిందట.
మూడోనాడు సొంబారి కొట్టు ముందే ఆగి
వీధంతా వినబడేలా అరిచింది: "దొరికిందా?"
చెప్పులేసుకున్నాను.

నిన్న పాణిగ్రాహి బాబు కొత్త ప్యాంటుకి వచ్చాడు.
నలభై రెండు. అంకె పైకి చదవలేదు నేను.
"ట్రయల్ ఎప్పుడు దండాసీ?" అన్నాడు.
"రేపు ఐదింటికి, పొద్దున్నే. వంతెన మీద."
నవ్వేసి స్కూటరెక్కాడు.
వస్తాడో, రాడో.

ఆయన వెళ్లాక పుస్తకం చివరి పేజీ తీశాను.
నా పేరు రాశాను. నడుము: నలభైన్నర.
పెన్సిలుతో.