మెడ పదిహేను

బడీచౌడి సందుల ముక్తార్ మాస్టర్ దుకాణం.
ఆయన కోస్తడు, ఆయన తమ్ముడు కుడతడు,
కాజాలు మాత్రం మా ఇంటికొస్తయి
పాత పేపర్ల చుట్టుకొని, పొద్దుగూకినంక.
కాజకు ఐదు పైసలు.
గుండీ గూడ కుడితే ఇంకో రెండు.

ఈ పట్నంల మొగోళ్ల మొఖాలు తెల్వయి నాకు.
మెడలు తెలుసు.
పద్నాలుగున్నర, పదిహేను, పదహారు,
కాలర్ లోపట నీలి సుద్దతోని మాస్టర్ రాసిన అంకెలు.

టాకీసు మేనేజర్‌కు కుక్కచెవుల కాలర్,
సగం భుజం దాంక పరుసుకోవాలె.
వకీలు సాబుకు విడి కాలర్లు, అరడజను.
గంజి పెట్టినంక అది బట్ట గాదు, రేకు.
ముందొకటి వెనకొకటి ఇత్తడి గుండీ దూరాలె,
కాజా జర పెద్దగ తీస్తే జారుతది, చిన్నగైతే తిడతడు.
షేర్వానీ ముసలాయనకు నిలువు గల్లా.
ఆ కాలపోళ్లు తల వంచలేదు సూడు, అంటడు మాస్టర్.
నాకైతే అది బక్రం మహిమ.

ఇగ కరెంటాఫీసు సిద్ధిరాములు అంగీ.
లేత నీలం పాప్లిన్. మెడ పదిహేను.
నాలుగేండ్లకు కాలర్ మడత కాడ పీచులు లేసింది.
మాస్టర్ ఇప్పి, తిప్పి కుట్టిండు.
అరిగింది కిందికి, అరగంది మీదికి.
మూడేండ్లకు మళ్లొచ్చింది.
"ఇంక తిప్పేటందుకు మొఖం లేదు," అన్నడట మాస్టర్.
"అయితే కాలర్ తీసెయ్యి, పట్టీ ఉండనియ్యి," అన్నడట ఆయన.

పట్టీ మీద కాజా నా చేతిదే.
నోరు సడలింది. బిగియ్యమని పంపిండ్రు.
పొట్లంల, పొరపాటున కావొచ్చు,
తీసేసిన కాలర్ గూడ ఉండె.
ఊకె కూసోక బ్లేడుతోని అంచు ఇప్పిన.
కుట్టు దాటినంక, లోపట,
చిటికెన గోరంత వెడల్పున
దుకాణంల తాను ఇప్పిన నాటి నీలం.
ఎండ సూడలే, మెడ సూడలే.
మా ఆయన అన్నం పెట్టుమన్నడు.
ఇనవడనట్టు ఇంకింత ఇప్పిన.

మొన్న కోఠీ బస్టాండ్ల ఒకాయన,
ఎండలు మండుతున్నయి,
అందరి అంగీలు ఛాతీ దాంక ఇప్పి ఉన్నయి.
ఆయనకు కాలర్ లేదు,
ఉత్త పట్టీ.
కాజా నాదా కాదా సూసేలోపట బస్సొచ్చింది.

గుండీ మాత్రం పెట్టుకునే ఉన్నడు.