గుణుపురం నుంచి, ఏసీ వేయకుండా

ఈ కారులో ఎక్కనిదంటూ లేదు.
పెళ్లికూతుళ్లు, పురుగుమందు డబ్బాలు,
ఆసుపత్రికి పోతూ దారిలోనే పుట్టేసిన బిడ్డ.
వంశధార పొంగిన ఏడు
తడిసిన బడి రిజిస్టర్లు, మొత్తం, డిక్కీ నిండా.
ఊసరవెల్లి మాత్రం ఇదే మొదలు.

ఇతిశ్రీకి పదకొండేళ్లు. మాట తహసీల్దారుది.
ఏసీ వద్దంది. అద్దం నాలుగు వేళ్లు దించమంది.
ఎండ పడే పక్క తడిగోనె కట్టింది.
చేపలబుట్టలో అడ్డంగా జామకొమ్మ బిగించింది,
"నేల మీద కూకోదు మావుసా,
దానికి పట్టుకోడానికేటో ఒకటుండాల."
పైన వాళ్ల నాన్న పాతపంచె ముక్క.
పొద్దున్నుంచి ఒక్క మిడతా పెట్టలేదట,
కుదుపుకి కక్కేస్తుందని.
బుట్టకి సీటుబెల్టు వేసింది.
తను వేసుకోలేదు.
నేనరిస్తే వేసుకుంది.

పిల్లి నోట్లోంచి లాక్కున్న ప్రాణం.
తొమ్మిది రోజులు కాలికి పసుపు రాసింది.
ఇంట్లో ఉంచుకోకూడదు, చట్టం ఒప్పదు,
పర్లాకిమిడి పట్రమ్మన్నారు అటవీ ఆఫీసోళ్లు.
"ధీరే, మావుసా, ధీరే."
నా పేరు కూర్మయ్య.
ఇరవై రెండేళ్ల డ్రైవరీలో
పేరుకి తగ్గట్టు నడిపింది ఈ ఒక్కరోజే.
గడ్డిమోపు సైకిలు కూడా దాటిపోయింది నన్ను,
దాటుతూ వెనక్కి తిరిగి చూసింది, సైకిలుమీది ముసలామె.

ఇంజను మొదలవగానే నల్లబడింది అది.
రంగు మార్చడమంటే దొంగబుద్ధని మన లెక్క.
ఎన్నికలొచ్చినప్పుడల్లా
ఈ పేరు పెట్టి ఎంతమందిని తిట్టానో.
పంచె అంచు తొలగినప్పుడు అద్దంలో చూశాను:
ముడుచుకుని, తోక చుట్టుకుని,
అటు కొన్ని వేళ్లు ఇటు కొన్ని వేళ్లు వేసి
కొమ్మని పట్టుకున్న ఆ పట్టు.
తిట్టు వెనక్కి తీసుకుందామనిపించింది.
ఎవరి దగ్గరికెళ్లి తీసుకోను?

ఒక కన్ను నా మీద.
ఇంకోటి వెనక రోడ్డు మీద.
ముందుకీ వెనక్కీ చూసి చూసి
మెడలు పట్టేసిన మనిషిని నేను.
మెడ కదపకుండానే దీనికది అవుతోంది.
కొంచెం కుళ్లుకున్నాను, అబద్ధమెందుకు.

కాశీనగరం దాటాక కర్ర అడ్డం పెట్టాడు పోలీసు.
బుట్టలో ఏటని ఒడియాలో అడిగాడు.
"బహురూపి" అన్నాను,
వాళ్ల మాటలో దాన్నలాగే అంటారు.
బుట్ట చూశాడు, నా మొహం చూశాడు,
"ఎవరు, నువ్వా?" అన్నాడు తెలుగులో.
పిల్ల నవ్వలేదు.
"అరవకండి, నిద్రపోతోంది" అంది.
కర్ర ఎత్తేశాడు, చప్పుడు కాకుండా.

పర్లాకిమిడిలో డాక్టరు కాలు పట్టి చూశాడు,
తనే కట్టు కట్టినట్టు తృప్తిగా తలూపాడు.
గార్డు మమ్మల్ని కొండవార పొదల దాకా తీసుకెళ్లాడు.
ఏడుస్తుందేమో అనుకున్నాను పిల్ల.
రసీదు ఇమ్మంది.
గార్డు బుర్ర గోక్కుని, చీటీ చింపి, రాసిచ్చాడు:
ఊసరవెల్లి ఒకటి. కాలు నయం. అందినది.

కొమ్మ దించితే దిగలేదు చాలాసేపు.
ఒక అడుగు ముందుకి, ఊగి, మళ్లీ వెనక్కి,
వెళ్లాలా వద్దా అని గాలిని అడుగుతున్నట్టు.
తర్వాత వెళ్లింది.
ఆకుల్లో కలిశాక ఏ రంగులో ఉందో
మా ముగ్గురిలో ఎవరం చెప్పలేం.

తిరుగుదారిలో బుట్టకి మళ్లీ బెల్టు వేసింది.
ఎందుకని నేనడగలేదు.
"ఇప్పుడు పాటలు పెట్టుకో మావుసా" అని
కిటికీకి తల ఆనించి నిద్రపోయింది,
రసీదు గుప్పిట్లోనే.

పెట్టలేదు.
కాశీనగరం ముందు పెద్ద గుంత దగ్గర
ఖాళీ బుట్ట కోసం
రెండో గేరులోకి దించాను.