పాలపన్ను

శనివారం పొద్దున రొవీగోలో రైలెక్కాం
నేనూ, ఒర్నెల్లా, ఆరేళ్ళ నీవెస్,
నీవెస్ నోట్లో ఊగుతున్న ఒక పన్ను.
"వేలు పెట్టకు" అని వాళ్ళమ్మ,
"వేలు కాదు, నాలుక" అని ఇది.
ఫెరారా దాటేసరికి వాదన ముగిసి
ఆకలి మొదలైంది.

బొలోన్యాలో వానొస్తే గొడుగక్కర్లేదు,
ఊరు ఊరంతా ఒకటే వసారా.
స్తంభాలు లెక్కపెడతానని బయల్దేరింది,
నలభై మూడు దగ్గర ఒక కుక్క ఎదురైంది,
మళ్ళీ ఒకటి నుంచి.

ఒర్నెల్లా ఇక్కడే చదువుకుంది.
చదువుకునే పిల్లల్లో ఒక నమ్మకం:
పట్టా చేతికి రాకముందు పెద్ద గోపురం ఎక్కితే
ఆ పట్టా ఇక రాదని.
ఎక్కలేదు.
నాలుగేళ్ళు దాని నీడలోంచే నడిచింది
అప్పిచ్చినవాడి గుమ్మం దాటుతున్నట్టు
తల ఎత్తకుండా.
తర్వాత నేను, తర్వాత నీవెస్,
తర్వాత బిస్కెట్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులు.
మిగిలిపోయిన రెండు పరీక్షలూ
మొన్న ఫిబ్రవరిలో రాసింది.
అందుకే ఈ రెండు రోజులు.
నాలుగొందల తొంభై ఎనిమిది మెట్లు.
కొత్త బూట్లు కూడా కొంది.

మూసేశారని పేపర్లో చదివాం,
ఈపాటికి తెరిచే ఉంటారులే అనుకున్నాం.
తెరవలేదు.
పక్కనున్న పొట్టిది, ఎన్ని వందల ఏళ్ళుగానో వాలి ఉన్నది,
మరికాస్త వాలిందట.
చుట్టూ కంచె.
ఎప్పుడు తెరుస్తారని అడిగితే కాపలా ఆయన
భుజాలు ఎగరేసి, సిగరెట్ కోసం జేబు తడుముకున్నాడు.

నీవెస్ మెడ విరుచుకుని చూసింది.
"ఇది కూడా ఊగుతోందా?"
"ఊగట్లేదు. ఒరిగింది."
"ఊడితే కిందనుంచి కొత్తది వస్తుందా?"
చరిత్ర చదివింది ఒర్నెల్లా కదా అని అటు చూశాను.
ఆమె వంగి బూటు లేసు విప్పి
మళ్ళీ కడుతోంది.

మధ్యాహ్నమంతా పిల్ల నోరు మూసుకునే ఉంది.
అలిసిపోయిందనుకున్నాం.
వేడి రసంలో తొర్తెల్లీని చల్లారిపోయాయి.

పెద్ద కూడలి పక్కన ఒక కమాను.
ఒక మూల గోడకి మొహం పెట్టి గొణిగితే
ఎదురు మూలలో నిలబడ్డవాడికి వినిపిస్తుంది,
మధ్యలో ఎంత సంత ఉన్నా.
అంటురోగాలవాళ్ళు పూర్వం పాపాలు
ఇలాగే చెప్పుకునేవారంటారు.
ఒర్నెల్లా కాఫీకి వెళ్ళింది.
నేనొక మూల, ఇదొక మూల,
బడిలో శిక్ష పడ్డ ఇద్దరిలా.
"వినబడుతోందా?" అన్నాను.
చాలాసేపు రాయి చల్లదనం తప్ప ఏమీ లేదు.
అప్పుడు, నా చెవిలోనే పుట్టినంత దగ్గరగా:
"నాన్నా, పన్ను ఊడింది."
"ఏదీ?"
"ఇందాక. కంచె దగ్గర. ఇటుకల సందులో పెట్టేశా."
"ఎందుకే?"
"అమ్మ ఎక్కేదాకా అది పడకూడదుగా."
మళ్ళీ కాసేపు రాయి.
"అమ్మకి చెప్పకు."

కంచె దగ్గర అది ఆనుకుని నిలబడ్డది గోపురం కాదు,
చెప్పుల దుకాణం ముందున్న స్తంభం.
గోడకి ఆ సంగతి చెప్పలేదు నేను.

రాత్రి హోటల్లో ఖాళీ బయటపడింది.
దిండు కింద పన్ను పెడితే ఎలుకొచ్చి
నాణెం పెట్టిపోవడం మా వైపు ఆనవాయితీ.
పన్నేదే అని ఒర్నెల్లా దుప్పట్లన్నీ దులిపింది.
"మింగేసి ఉంటా" అంది, నా వైపు చూడకుండా.
ఆ కొత్త సందులోంచి వచ్చిన మొదటి అబద్ధం,
చివర్లో చిన్న ఈలతో.

ఒర్నెల్లా నిద్రపోయిందని నమ్మకం కుదిరాక
రెండు యూరోల నాణెం దిండు కిందికి తోశాను.
అక్కడ అప్పటికే ఒకటుంది,
ఇంకా అరచేతి వెచ్చదనంతో.

ఆదివారం తిరుగు రైల్లో
బూట్లు విప్పి, మడమలు చూసి,
వాటిని పేపర్లో చుట్టింది ఒర్నెల్లా.
"ఇంకా కరుస్తున్నాయి" అంది.
"మళ్ళీ వచ్చేటప్పటికి మెత్తబడతాయి."
నీవెస్ కిటికీకి నోరు ఆనించి
పొలాలతో ఏదో గుసగుసలాడుతోంది.