గాలి తగ్గేదాకా

ఆరు రోజుల తర్వాత నేల.
కాలు పెట్టానో లేదో
స్ట్రామ్‌నెస్ రాతివీధి నా కింద ఊగింది.
"పొద్దున్నే పట్టించావా?" అన్నట్టు చూసింది
రొట్టెల కొట్టు ముందు పిల్లి.

స్నానానికి ఒక పౌండు, నాలుగు నిమిషాలు.
జుట్టులో సబ్బుండగానే
వేడినీళ్లు ఆగిపోయాయి.
మిగిలిన బిళ్ల బట్టల మెషీన్‌కి.
నా మేజోళ్లు, ఎర్లెండ్ స్వెటరు,
ఉప్పు పట్టి అట్టకట్టిన రెండు దుప్పట్లు
గుండ్రటి అద్దం వెనక
ఇంకా ప్రయాణంలోనే ఉన్నాయి.

పక్కనున్న ముసలాయన
పేపరు దించకుండానే అడిగాడు,
"ఏ పడవ?"
ఎలా తెలిసిందన్నాను.
"కూచుని కూడా పట్టుకునే ఉన్నావుగా."
చూసుకున్నాను.
నా ఎడమచెయ్యి
బల్ల అంచును వదల్లేదు.

సాయంత్రం
డీజిల్ డబ్బా, అరడజను గుడ్లు,
సగం ఆరిన దుప్పట్లు మోసుకుంటూ రేవుకొచ్చాం.
ఆటుకి పడవ ఎంతో కిందికి దిగిపోయింది.
తాళ్లు తెరచాప కొయ్యను కొడుతూనే ఉన్నాయి.
తెల్లారేసరికి పడమటి గాలి తగ్గుతుందట.
అట అనే మాట మీదే
ఎర్లెండ్ పెన్సిలు చెక్కడం మొదలెట్టాడు.

పాచి పట్టిన ఇనుప నిచ్చెన దిగి
పడవలో కాలు మోపాను.
ఊగింది.
హమ్మయ్య, అని
రెండు చేతులూ వదిలేశాను,
గుడ్ల సంగతి మరిచిపోయి.