ఎర్రముడి, పచ్చముడి

పొద్దుగాల ఏడు కొట్టంగనే
మా కొత్తవాడ గల్లీల మగ్గాలన్నీ మొదలైతయి,
మాదొక్కటే ఆగుతది.

ముందు బువ్వ, ఆ తర్వాతనే సూది.
మూతి పెట్టకుంటే ఆ పూట మందు లేదు,
నన్నడిగి గాని ముట్టొద్దు అన్నది
హన్మకొండ డాక్టరమ్మ నుస్రత్.
పాలబువ్వ బంద్. ఉడికిన కోడికార్జం,
ఉప్పులేంది, కారంలేంది.
పదకొండేండ్లు పాలగిన్నె నాకిన కండెగాడు
గిన్నె దిక్కు చూసి నా దిక్కు చూస్తడు,
తూకం తగ్గినప్పుడు
నేను రేషన్ డీలర్ దిక్కు చూసినట్టు.

కండెగాడంటే పిల్లే.
కండ్లు తెరవకముందు నూలుకండెల గంపల దొరికిండు.

చెవి అంచు ముందుగాల వెచ్చవడాలె.
వేడినీళ్లల ముంచి పిండిన గుడ్డ అదిమి
ఎండకు పట్టి చూస్తే
తెల్లటి పడుగుల ఒక్క ఎర్రపోగు పడ్డట్టు నరం.
దాని పక్కకే గుచ్చాలె.
గసగస గింజంత నెత్తురు.
మిషన్ ఐదంకెలు వెనుకకు లెక్కవెడుతది.
నాలుగు వందల పన్నెండు.
మా పాసుబుక్కుల అంత అంకె చూసి ఎన్నాళ్లయిందో.

సీసా మా ఇంట్ల ఉండదు, మాకు ఫ్రిజ్ లేదు.
మెహరున్నీసా దుకాణంల
సోడాసీసాల ఎనుక, మల్లెపూల పొట్లం పక్కన ఉంటది.
ఊపొద్దంట. అరచేతుల నడుమ
మెల్లగ దొర్లియ్యాలెనట.
అది నాకెవరు నేర్పాలె?
సిరంజి ఎర్రమూతిదే కావాలె, నలభైది.
నారింజమూతిది నూరుది.
"రెండూ ఒకటేనమ్మా" అన్నడు మందుల షాపు పిలగాడు.
ఒకటి గాదు బిడ్డా.
పోగులు లెక్కవెట్టి బతికేటోళ్లం,
ఒక గీత తప్పితే ఏం తెగుతదో మాకెరుక.

మా ఓదెలు మాత్రం నవ్విండు.
"నా మోకాళ్ల గోలీలకే పైసల్లేవు,
పిల్లికి ఇన్సులినా!"

ఆ సోమారం సొసైటీ మీటింగ్ ఎంతకూ తెగలె.
ఏడున్నరకు ఉరికొచ్చి
చెప్పులన్నా ఇడవకుండ రెండు గీతలు పొడిసిన.
పదింటికి కండెగాడు
గోడకు తల ఆనిచ్చి నిలవడ్డడు.
ఎనుకకాళ్లు తడిసిన నూలు లెక్క జారుతున్నయి.
అరవై రెండు.
నలభై నాలుగు.
ఓదెలు గడపల నిలవడి, గొంతు లేనట్టు,
"నువ్వింక రాకపాయె... ఏడుకు నేనే ఇచ్చిన" అన్నడు.

ఎప్పుడు నేర్సుకున్నడు?
మగ్గం మీద కూసొని, చూడనట్టు చూసుకుంట
ఇన్ని రోజులు.

తిట్టేటందుకు తీరిక లేదు.
గ్లూకోజ్ పొడి తడిపి చిగుర్లకు రాసినం.
నోట్ల పొయ్యలె, రాసినం అంతే.
ఫోన్ల డాక్టరమ్మ మేలుకొనే ఉంది.
పావుగంటకోసారి చెవి.
పట్టీలు పదకొండే ఉన్నయి,
ఒక్కోటి ఇరవై రెండు రూపాలు.
మొగడూ పెండ్లాం ఇద్దరం
దీపం చుట్టు పురుగుల లెక్క మిషన్ చుట్టు.
యాభై ఒకటి. మళ్ల నలభై తొమ్మిది. డెబ్బై.
తెల్లారగట్ల నూట పద్దెనిమిది.
ఓదెలు ఆ అంకెను రెండుసార్లు పైకి చదివిండు.
కండెగాడు లేచి
ఆయన లుంగీ మీద ఉచ్చవోసి
గిన్నెకాడికి నడిచిండు.

గందుకే గోడమొలకు ఈ తాడు.
ఎవలిచ్చినా ముడి వెయ్యాలె,
పొద్దుగాల ఎర్రపోగు, మాపటికి పచ్చపోగు.
ముడి కనబడితే సూది ముట్టొద్దు.

లెక్కంతా బుక్కుల రాసుకరమ్మన్నది డాక్టరమ్మ.
అంకెలకు బుక్కు, సూదులకు తాడు,
రెండూ సంచిల వేసుకొని పోయినం.
ఆమె బుక్కు పక్కకు వెట్టి
తాడును బల్ల మీద పొడుగ్గ పరిచి
ఒక్కొక్క ముడి వేలితోని తడిమింది.
మొదట్లనే ఆగింది.
రెండు పచ్చముళ్లు, పక్కపక్కన.
"ఇదేంది?"
ఓదెలు తన కాళ్ల దిక్కు చూసుకున్నడు.

"రెండోది నాది" అని చెప్పిన.